ఎక్కిన బస్సు దిగమన్నారు

(ఇందులోని తేదీలు, ఘటనలు నిజమైనవే. అమ్మాయి మాత్రం ఒక్కరు కాదు. 2022లో ఉక్రెయిన్‌లోని సుమీ నగరంలో చిక్కుకున్న తెలుగు విద్యార్థుల అనుభవాలను ఆధారంగా తీసుకుని ఒక పాత్రగా మలిచాం. సంభాషణలు ఊహించి రాసినవి.)

మార్చి 7. హాస్టల్ ముందు బస్సులు ఆగాయి. ఆ అమ్మాయి బస్సెక్కి, బ్యాగు ఒళ్లో పెట్టుకుని, పాస్‌పోర్టు జాకెట్ లోపలి జేబులో ఉందో లేదో మళ్లీ తడిమి చూసుకుని, తెనాలికి మెసేజ్ పెట్టింది. ‘నాన్నా, బస్సెక్కా.’

గంటలు గడిచాయి. బస్సు కదల్లేదు. చివరికి కబురొచ్చింది. కాల్పుల విరమణ నిలబడలేదు, దారి భద్రం కాదు, అందరూ దిగి లోపలికి వెళ్లాలి.

‘‘మళ్లీ హాస్టల్‌కేనా అక్కా?’’ పక్క సీట్లోని జూనియర్ గొంతు వణికింది.

‘‘ముందు దిగవే. ఏడుపు లోపలికెళ్లాక ఏడుద్దాం.’’

ముందే విమానం టికెట్ ఎందుకు కొనలేదు?

ఆ ప్రశ్న తర్వాత ఊళ్లో అందరూ అడిగారు. ఫిబ్రవరి 15నే కీవ్‌లోని భారత రాయబార కార్యాలయం హెచ్చరించింది కదా, ఉండక తప్పని పని లేకపోతే తాత్కాలికంగా దేశం విడిచి వెళ్లమని?

హెచ్చరించింది. కానీ క్లాసులు మామూలుగానే నడుస్తున్నాయి. అక్కడి మెడికల్ కాలేజీల్లో ఎగ్గొట్టిన ప్రతి క్లాసునూ తర్వాత హాజరై పూడ్చుకోవాలి. మూడో ఏడు వాళ్ల నెత్తిన ‘క్రోక్’ అనే దేశవ్యాప్త పరీక్ష మొదటి దశ ఉంది. అది గట్టెక్కకపోతే పైచదువు ఆగిపోతుంది.

‘‘ఆన్‌లైన్ క్లాసులని కాగితం మీద ఇస్తే రేపే వచ్చేస్తా నాన్నా.’’

‘‘టికెట్ రేటు కూడా మండిపోతోందమ్మా. నాలుగు రోజులు చూద్దాం.’’

ఆ మాటలో తప్పేముంది? ఆరేళ్ల చదువు, అప్పు తెచ్చి కట్టిన ఫీజు. సగటు తండ్రి ఎవరైనా అదే అంటాడు. వేల ఇళ్లలో అదే వారం అదే మాట నడిచింది.

ఫిబ్రవరి 24 తెల్లవారుజామున రష్యా దాడి మొదలైంది. ఉక్రెయిన్ తన గగనతలాన్ని మూసేసింది. మనవాళ్లను తేవడానికి ఢిల్లీ నుంచి కీవ్ బయల్దేరిన ఎయిర్ ఇండియా విమానం సగం దారిలోనే వెనక్కి తిరిగింది. టికెట్ కొన్నవాళ్లూ కొననివాళ్లూ ఒక్కటైపోయారు.

దగ్గరి సరిహద్దే ప్రమాదం

పడమటి నగరాల విద్యార్థులు రొమేనియా, హంగరీ, పోలండ్ సరిహద్దులకు చేరుకున్నారు. మనవాళ్లను వెనక్కి తెచ్చే ‘ఆపరేషన్ గంగ’ మొదటి విమానం ఫిబ్రవరి 26న 219 మందితో బుకారెస్ట్ నుంచి ముంబయిలో దిగింది. ఆ వీడియోలు సుమీ బంకర్‌లో కూర్చున్న వీళ్ల ఫోన్లలోకీ వచ్చాయి.

సుమీ ఈశాన్య మూలన ఉంది. రష్యా సరిహద్దు యాభై కిలోమీటర్లలోపే. కానీ అటునుంచే సైన్యం వస్తోంది. పోలండ్ వైపు పోవాలంటే దేశాన్ని అడ్డంగా దాటాలి, దాదాపు వెయ్యి కిలోమీటర్లు. రైళ్లు లేవు, రోడ్ల మీద పోరు. మార్చి 1న ఖార్కివ్‌లో సరుకుల కోసం వరసలో నిలబడ్డ కర్ణాటక విద్యార్థి చనిపోయాడన్న వార్త వచ్చాక కిటికీ దగ్గరికి వెళ్లడానికే భయపడ్డారు.

మార్చి 3 రాత్రి నగరంలోని విద్యుత్కేంద్రం దెబ్బతింది. కరెంటు పోయింది, దాంతో నీళ్లూ పోయాయి. మర్నాడు పిల్లలు బకెట్లు పట్టుకుని బయటికొచ్చి మంచు ఎత్తుకున్నారు. అది కరిగించి తాగారు. బకెట్ నిండా మంచు తెస్తే అడుగున మిగిలే నీళ్లు ఎంతో అప్పుడే తెలిసింది. ఇంటి నుంచి తెచ్చుకున్న కందిపొడి ఉంది, కలుపుకోవడానికి అన్నం లేదు. అన్నం వండాలంటే మళ్లీ ఆ నీళ్లే.

నడిచి పోదామా?

రష్యా తన సరిహద్దు దగ్గర 130 బస్సులు సిద్ధంగా ఉన్నాయంది. అక్కడిదాకా చేరేదెలాగో చెప్పేవాళ్లు లేరు. మార్చి 5న ఓపిక నశించిన విద్యార్థులు ఒక వీడియో పెట్టారు. నడిచే వెళ్తున్నాం, మాకేమైనా అయితే బాధ్యత మీదేనన్నారు.

ఆమె కూడా బూట్లు బిగించుకుంది. ఫోన్లో మిగిలిన కాస్త చార్జింగ్‌తో తండ్రికి కాల్ చేసింది.

‘‘యాభై కిలోమీటర్లే నాన్నా. నడిచేస్తాం.’’

‘‘నువ్వు నడవగలవు తల్లీ. దారిలో ఎవరున్నారో నీకు తెలుసా, నాకు తెలుసా? ఉండిపో.’’

యుద్ధానికి ముందు ‘చూద్దాం’ అన్న మనిషే ఇప్పుడు ‘ఉండిపో’ అంటున్నాడు. అప్పుడు ఆగినందుకు ఇరుక్కున్న పిల్ల, ఇప్పుడు ఆగితేనే బతుకుతుంది. ప్రభుత్వం కూడా బంకర్లలోనే ఉండమంది. వాళ్లు ఆగారు.

మూడు విమానాలు

బస్సు దిగిన ఆ రోజే ప్రధాని అటు పుతిన్‌తోనూ ఇటు జెలెన్‌స్కీతోనూ మాట్లాడారు. మర్నాడు, మార్చి 8న బస్సులు మళ్లీ వచ్చాయి. ఈసారి ఎవరూ ఇంటికి మెసేజ్ పెట్టలేదు. 694 మంది భారత విద్యార్థులు పొల్తావా దారి పట్టారు. రాయబార కార్యాలయ సిబ్బంది, రెడ్‌క్రాస్ వాళ్లు తోడున్నారు. నేపాలీలు, బంగ్లాదేశీయులు కూడా అదే వరసలో వచ్చారు. పొల్తావా నుంచి రైల్లో ల్వివ్, అక్కడి నుంచి పోలండ్. మార్చి 11న ఎయిర్ ఇండియా, ఇండిగో, వాయుసేన విమానాలు మూడు ఒకదాని వెనక ఒకటి వాళ్లను తీసుకొచ్చాయి. మొత్తం ఆపరేషన్‌లో 90 విమానాలు, 22,500 మందికి పైగా మనుషులు. ఢిల్లీలో ఆంధ్రా భవన్, తెలంగాణ భవన్ సిబ్బంది ఎవరి పిల్లల్ని వాళ్లు దగ్గరుండి ఇళ్లకు పంపారు.

ఇంటికి రావడానికి పదిహేను రోజులు పట్టింది. చదువు గాడిన పడటానికి అంతకన్నా ఎక్కువ పట్టింది. యుద్ధం మొదలయ్యాకే అక్కడి కాలేజీలు ఆన్‌లైన్ పాఠాలు మొదలుపెట్టాయి. ఉక్రెయిన్ ‘క్రోక్’ మొదటి దశను వాయిదా వేసింది. వేరే దేశపు కాలేజీలో చదువు కొనసాగించుకోవచ్చని మన జాతీయ వైద్య కమిషన్ సెప్టెంబరులో గానీ ఒప్పుకోలేదు. ఫిబ్రవరిలో ఒక్క కాగితంగా దొరకని వెసులుబాటు, అంతా అయ్యాక విడివిడిగా వచ్చింది.

ఇప్పుడు ఎవరైనా కొడుకును విదేశానికి మెడిసిన్‌కు పంపుతామని సలహాకు వస్తే, తెనాలి తండ్రి వద్దనడు. ‘‘ఫీజు, మెస్సు అందరూ అడుగుతారయ్యా. గొడవలొస్తే పిల్లాడు ఇంటికొచ్చేసినా అటెండెన్స్ పోదని రాసిస్తారేమో అడుగు. నోటిమాట కాదు, కాగితం తీసుకో’’ అంటాడు.