ప్రేమ గడప దాటిస్తే, స్నేహం నిలబెట్టింది

మన నవలల్లో ఆడది గడప దాటాలంటే చాలాకాలం కనిపించిన దారి ప్రేమే! 1927లో వచ్చిన చలం ‘మైదానం’లో రాజేశ్వరి ప్లీడరు భర్తని వదిలి అమీర్ వెంట వెళ్లిపోయింది. లోకం ముక్కున వేలేసుకుంది. సాహసం ఆమెదే. కాని తర్వాత బతుక్కి ఆధారం కూడా ఆ ప్రేమ ఒక్కటే అయింది.

అరవై ఏళ్లకి, 1987లో, ఓల్గా ‘స్వేచ్ఛ’ వచ్చింది. అరుణ కూడా ప్రేమించే పెళ్లాడింది, పుట్టింటి ఆంక్షల నుంచి ప్రకాశం విడిపిస్తాడని. తీరా చూస్తే ఆంక్షలు పోలేదు, పెట్టే మనిషి మారాడంతే! అప్పుడు ఆమెకి దన్నయింది స్నేహితురాలు ఉమ. ఉమ ఆమెని ఎక్కడికీ తీసుకుపోలేదు. తన దారి తానే వెతుక్కునేలా ఆలోచన రేపింది.

ఓల్గాయే ‘విముక్త’ కథల్లో సీతకీ శూర్పణఖకీ స్నేహం కలిపారు. ఆ పుస్తకానికి 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది.

అన్నట్టు, పెళ్లయ్యాక మనం ముందుగా వదులుకునేది స్నేహితురాళ్లనే కదూ? ఆయన స్నేహితులొస్తే మనింట్లో ఎన్నిసార్లయినా కాఫీలు కలుస్తాయి. మరి మన స్నేహితురాలు వచ్చి ఎన్నాళ్లయింది?