వడ్డీ అయితే చెప్తా

నెల్లూరు సారా వ్యతిరేక ఉద్యమం మీద వచ్చిన వ్యాసాల్లో దాదాపు అన్నిటిలోనూ ఒక వాచకం ప్రస్తావన ఉంటుంది. 1991లో ఆ జిల్లాలో 'అక్షరదీపం' పేరుతో సంపూర్ణ అక్షరాస్యతా కార్యక్రమం జరిగింది. రాత్రిబడికి వచ్చిన ఆడవాళ్ళు 'సీతమ్మ కథ' చదివారు. తమ ఇళ్ళలో తాగుడు గురించి మాట్లాడుకున్నారు. దూబగుంట ఆడవాళ్ళు తమ ఊళ్ళో సారా అమ్మకం ఆపించారు. ఆ కథే 'ఆడవాళ్ళు ఏకమైతే' అన్న పాఠమై తర్వాతి వాచకంలోకి ఎక్కింది, చదివిన ఊళ్ళన్నిటినీ కదిలించింది. 1992కి జిల్లా అంతా పాకింది, ఆ తర్వాత రాష్ట్రమంతా. అక్షరం ఉద్యమమైన కథగా దీన్ని మనం చెప్పుకుంటూ వచ్చాం. అది నిజమే. సాహిత్య పరిశోధకురాలిగా నేను ఆ వాచకాల దగ్గరికి వెళ్ళింది కూడా ఆ కథల కోసమే. కానీ కథతో పాటు అదే వాచకంలో లెక్కలు కూడా ఉంటాయి. వాటి గురించి ఎవరూ పెద్దగా రాయలేదు. ఉద్యమ చరిత్రలో అక్షరానికి దొరికిన చోటు అంకెకి దొరకలేదు.

అక్షరాస్యత అన్న మాటే చూడండి. ఆస్యం అంటే నోరు. అక్షరం నోట ఉన్నవాళ్ళు అక్షరాస్యులు. లెక్క నోట ఉన్నవాళ్ళకి అలాంటి పేరేదీ లేదు. మన పల్లెటూరి ఆడవాళ్ళకి తరతరాలుగా నోట ఉన్నది లెక్కే మరి! గిద్దెలు నాలుగైతే సోల, సోలలు రెండైతే తవ్వ, తవ్వలు రెండైతే మానిక. ఇంట్లో గింజ కొలిచిన ప్రతి స్త్రీకీ ఈ రెట్టింపులు, సగాలు చేతిలోనే ఉండేవి. వేలి కణుపుల మీద లెక్కపెట్టడం, పాలకి గోడ మీద బొగ్గుగీతలు గీయడం, నాటుకి ఎంతమంది కూలీలు పడతారో మడిని చూసి చెప్పడం, ఇవన్నీ లెక్కలే. 1957లో నయాపైసలు వచ్చాక కూడా చాలాకాలం బేడ, పావలా, అర్ధ అన్న మాటల్లోనే సంతలో బేరం సాగింది. వాటన్నిటికీ కలిపి మన భాష పెట్టిన పేరు కాకిలెక్క.

1988లో జాతీయ సాక్షరతా మిషన్ మొదలైనప్పుడు అక్షరాస్యులంటే ఎవరో నిర్వచించడానికి కొన్ని ప్రమాణాలు పెట్టుకుంది. చదవడం, రాయడంతో పాటు లెక్కలకీ ప్రమాణం ఉంది. ఒకటి నుంచి నూరు వరకు అంకెలు చదివి రాయగలగాలి. మూడంకెల దాకా కూడికలు, తీసివేతలు, రెండంకెల దాకా గుణకారాలు, భాగహారాలు రావాలి. తూకాలు, కొలతలు మెట్రిక్ పద్ధతిలో తెలియాలి. చివర్న ఒక వాక్యం ఉంది: అనుపాతం, వడ్డీ గురించి స్థూలమైన అవగాహన ఉండాలి, భిన్నాల జోలికి పోకుండా. ఆ చివరి మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. భిన్నాలు లేని వడ్డీ ఎక్కడుంటుంది? పావు, అర, ముప్పావు, రూపాయిన్నర అంటూ వడ్డీ మాట్లాడుకునే మనుషుల దగ్గరికి వెళ్ళి, వాళ్ళకి కష్టమవుతుందని భిన్నాలు తీసేశారు. దురుద్దేశంతో చేసిన పని అని నేననను. నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు ఏమీ లేకుండా వస్తారన్న నమ్మకం మాత్రం అందులో ఉంది.

ఉదయగిరి వైపు ఒక ఊళ్ళో, రాత్రిబడికి వెళ్ళిన తరం ఆడవాళ్ళతో మాట్లాడుతున్నప్పుడు ఒక అవ్వని లెక్కల పాఠాల గురించి అడిగాను. "నాకు లెక్కలు రావమ్మా" అంది వెంటనే. అని ఒక క్షణం ఆగి, "వడ్డీ అయితే చెప్తా, అడుగు" అంది. పదిహేడువందల యాభై రూపాయలకి మూడు రూపాయల వడ్డీ, అయిదు నెలలకి ఎంతవుతుందవ్వా అన్నాను. కళ్ళు మూసుకోలేదు, వేళ్ళు కూడా పెద్దగా కదలలేదు. "వెయ్యికి ముప్పై. ఏడొందలకి ఇరవైవొకటి. యాభైకి రూపాయిన్నర. నెలకి యాభై రెండున్నర. పది నెలలైతే ఐదొందల పాతిక, అయిదు నెలలకి అందులో సగం." రెండువందల అరవై రెండున్నర. అయిదుతో గుణించకుండా పదితో గుణించి సగం చేయడం ఆమెకి ఏ బడీ నేర్పలేదు. ఇదే లెక్కని కాగితం మీద వేసి చూపించినప్పుడు మాత్రం ఆమె దాన్ని పక్కకి జరిపేసింది. "అవి సదూకున్నోళ్ళ లెక్కలు."

ఈ తేడాని వేరే చోట్ల కొలిచి చూసినవాళ్ళున్నారు. బ్రెజిల్‌లోని రెసీఫే నగరంలో వీధుల్లో కొబ్బరికాయలూ పళ్ళూ అమ్మే పిల్లల మీద ముగ్గురు పరిశోధకులు చేసిన అధ్యయనం 1985లో వచ్చింది. వాళ్ళు అడిగింది అయిదుగురు పిల్లల్నే. వీధిలో కొనేవాళ్ళుగా అడిగిన లెక్కల్లో 98 శాతం సరిగ్గా చెప్పినవాళ్ళు, అవే లెక్కలు బడిలో వేసినట్టు అంకెలుగా ఇస్తే 37 శాతమే చేయగలిగారు. మన దగ్గర ఎల్.ఎస్. సరస్వతి తమిళనాడు పల్లెల్లో వయోజనులు కాలాన్నీ కొలతల్నీ ఎలా లెక్కపెట్టుకుంటారో పరిశీలించి, వయోజన విద్య అక్కణ్ణుంచి మొదలుకావాలని వాదించారు. ఆమె, అనితా రాంపాల్, ఆర్. రామానుజం కలిసి అక్షరాస్యతా కార్యకర్తల కోసం లెక్కల మీద ఒక కరదీపిక రాశారు. అది 1998లో ముస్సోరీ నుంచి వచ్చింది. అప్పటికి నెల్లూరు రాత్రిబళ్ళు ముగిసి చాలా ఏళ్ళయింది.

"నాకు లెక్కలు రావు" అన్న మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆలోచించాలి. తెలుగులో లెక్క అన్న మాటకి రెండర్థాలున్నాయి. లెక్కపెట్టడం ఒకటి, లెక్కచేయడం రెండోది. ఊళ్ళో రాతలో ఉన్న లెక్క చాలాకాలం కరణం చేతిలో ఉండేది. 1984లో ఆ వ్యవస్థ రద్దయ్యేదాకా భూమి కొలతా, శిస్తు లెక్కా ఆ దస్త్రాల్లోనే ఉన్నాయి. అప్పు లెక్క షావుకారు పద్దులో, కూలి లెక్క మేస్త్రీ పుస్తకంలో, ఇంటి ఖర్చు లెక్క మగవాడి జేబులో. వీటిలో ఏదీ ఆడవాళ్ళది కాదు, అందులోనూ దళిత, వెనకబడిన కులాల ఆడవాళ్ళకి దాన్ని ప్రశ్నించే వీలు కూడా లేదు. పద్దులో ఉన్నదే నిజమని అందరూ ఒప్పుకున్న చోట, నోట్లో ఉన్న లెక్క ఎంత సరైనదైనా అది లెక్కలోకి రాదు. కాబట్టి "నాకు రావు" అనడంలో ఉన్నది తెలివితక్కువతనం కాదు, తన లెక్క ఎవరూ వినరన్న అనుభవం. వయోజన విద్య వాళ్ళు ఆత్మవిశ్వాసం అనే మాట తరచుగా వాడతారు, అదేదో మనిషి లోపల తగ్గిపోయిన పదార్థంలాగా. నాకు ఆ వాడుక నచ్చదు.

నెల్లూరులో జరిగినదాన్ని ఈ వైపు నుంచి చూస్తే వేరేగా కనిపిస్తుంది. రాత్రిబడి కొత్తగా ఇచ్చింది కూడిక కాదు. పదిమంది ఆడవాళ్ళు ఒకచోట కూర్చుని ఒకే లెక్కని బయటికి వేసే చోటు ఇచ్చింది. ఒక ఇంట్లో రోజుకి పది రూపాయలు సారాకి పోతున్నాయనుకుందాం. నెలకి మూడొందలు, ఏడాదికి మూడువేల ఆరువందల యాభై. ఈ లెక్క ఏ ఇల్లాలికైనా తెలుసు, తెలిసే కుమిలిపోతుంది. కానీ వాడలో ఎన్ని ఇళ్ళు, ఊళ్ళో ఎన్ని వాడలు అని హెచ్చించుకుంటూ పోతే అది ఇంటి గుట్టుగా మిగలదు. ఆ మొత్తం ఎక్కడికి పోతోందన్న ప్రశ్న వస్తుంది. జవాబు ఆ రోజుల్లో బహిరంగంగానే ఉంది. సారా వేలంపాటలో కంట్రాక్టర్లు పాడే అంకె అదే. రాష్ట్ర ఎక్సైజు ఆదాయం 1970-71లో 39 కోట్లుంటే 1991-92కి 812 కోట్లయింది. ఇంటి లెక్కా సర్కారు లెక్కా ఒకే పద్దులో రెండు పక్కలని ఆ ఆడవాళ్ళు తేల్చారు. అందుకే సారా అంగళ్ళ దగ్గరతో ఆగకుండా వేలంపాటల మీదికి వెళ్ళారు. వేలం మళ్ళీ మళ్ళీ వాయిదా పడింది. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో సడలించినప్పుడు ప్రభుత్వం చెప్పిన కారణం కూడా లెక్కే: ఖజానా.

ఉద్యమం తర్వాత అదే జిల్లాలో 1993లో 'పొదుపు లక్ష్మి' వచ్చింది. రోజుకి ఒక్కో స్త్రీ ఒక్క రూపాయి. పోరాడిన ఆడవాళ్ళని పొదుపు చేసే ఆడవాళ్ళుగా మార్చారన్న విమర్శ మన పత్రికల్లో చాలాసార్లు చదివాం, నేను దానితో చాలావరకు ఏకీభవిస్తాను. కూలి రేట్లు, భూమి అడగాల్సిన చోట రూపాయి దాచుకోమన్నారు. పైగా ఆ పేరొకటి, లక్ష్మి! అయినా ఆ సంఘాల సమావేశాల్లో ఒక పద్ధతి ఉండేది, దాన్ని మాత్రం తీసిపారేయలేను. డబ్బు అందరి మధ్యలో చాప మీద లెక్కపెట్టేవాళ్ళు. ఎవరు ఎంత కట్టారో, ఎవరి మీద ఎంత బాకీ ఉందో బయటికి చదివేవాళ్ళు. పదిహేనుమంది రోజుకో రూపాయి వేస్తే నెలకి నాలుగొందల యాభై. పుస్తకం రాసేది చదువొచ్చిన ఒక అమ్మాయే అయినా, తప్పు రాస్తే నోటి లెక్కవాళ్ళు అక్కడే పట్టుకునేవాళ్ళు. రాత, నోరు ఎదురెదురుగా కూర్చున్న అరుదైన సందర్భం అది.

వడ్డీ కూడా వాళ్ళ భాషలోనే ఉండేది. 2004లో ప్రభుత్వం మహిళా సంఘాలకి తక్కువ వడ్డీ రుణాల పథకం పెట్టి దానికి 'పావలా వడ్డీ' అని పేరు పెట్టింది. అంటే నూటికి నెలకి పావలా, ఏడాదికి మూడు శాతం. మూడు శాతం అంటే ఊళ్ళో ఎవరికీ పట్టదు, పావలా వడ్డీ అంటే అవ్వకి కూడా అర్థమవుతుంది. ప్రమాణాల్లోంచి తీసేసిన భిన్నం ఎన్నికల రాజకీయాల్లో ఇలా వెనక్కి వచ్చింది.

అదే కాలంలో సూక్ష్మరుణ సంస్థలు ఊళ్ళలోకి వచ్చాయి. వాటి లెక్క ఎలా ఉండేదో ఒక ఉదాహరణ వేసి చూస్తాను. పదివేల అప్పు. వారానికి 225 చొప్పున యాభై వారాలు. మొత్తం కట్టేది 11,250. వడ్డీ పన్నెండున్నర శాతం అని చెప్తారు. అవ్వ లెక్కలో అది నూటికి నెలకి రూపాయి పైచిలుకు, షావుకారు తీసుకునే మూడు రూపాయల ముందు ఎంతో నయం. కానీ షావుకారు అప్పులో అసలంతా కడదాకా చేతిలో ఉంటుంది. ఇక్కడ మొదటి వారం నుంచే అసలు తరిగిపోతూ వస్తుంది. యాభై వారాలకి సగటు తీస్తే ఆమె వాడుకున్నది పదివేలు కాదు, అయిదువేల ఒక వంద. దాని మీద 1,250 అంటే రెండు రూపాయల వడ్డీ దాటింది. నోటి లెక్క ఎంత పదునైనదైనా ఈ లెక్కని పట్టుకోలేదు, ఎందుకంటే అసలు వారం వారం తరిగే అప్పు ఆ అనుభవంలో లేదు. రాత్రిబడిలో నేర్పదగ్గ లెక్క ఏదైనా ఉంటే ఇదే, 'భిన్నాల జోలికి పోకుండా' దీన్ని నేర్పడం మాత్రం కుదరదు. పైగా ఈ సంస్థల సమావేశాల్లో నోరు విప్పే పని లేదు. కిస్తీ కట్టాలి, కట్టలేనివాళ్ళ బదులు మిగతావాళ్ళు కట్టాలి, అంతే. చాప మీద డబ్బు లెక్కపెట్టుకున్న అవే వాడల్లో, తోటి ఆడవాళ్ళ చేతే ఒకళ్ళ మీద ఒకళ్ళకి వసూలు ఒత్తిడి పెట్టించారు.

2006లో కృష్ణా జిల్లాలో అధికారులు ఈ సంస్థల శాఖలు మూయించారు. 2010లో ఆత్మహత్యల వార్తలు వరుసగా వచ్చాక అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది, డిసెంబరుకి అది చట్టమైంది. సంస్థలు జిల్లాలో నమోదు చేసుకోవాలి, వడ్డీ రేటు కనబడేలా రాసిపెట్టాలి, వడ్డీ అసలుని మించకూడదు, వసూలు పంచాయతీ కార్యాలయం వంటి బహిరంగ స్థలంలోనే జరగాలి. ఈ చట్టం గురించి అడిగినప్పుడు అవ్వ పక్కన కూర్చున్న ఆమె కోడలు రేటు సంగతి మాట్లాడలేదు. పంచాయతీ ఆఫీసులో, పదిమందిలో కట్టాలన్న నియమం ఒక్కటే బాగుందంది. ఎందుకని అడిగాను.

"ఆడైతే గట్టిగా లెక్క అడగొచ్చు గదక్కా."