మంగమ్మ ఇచ్చిన తాటాకు

1705లో మదురైలో పద్దెనిమిది మంది నేతపనివాళ్ళని అక్కడి అధికారి ఖైదు చేయించాడు. వాళ్ళు దొంగతనం చేయలేదు, పన్ను ఎగ్గొట్టలేదు. ఉపాకర్మ చేసుకున్నారు. అంటే పాత జంధ్యం తీసి, మంత్రాలతో కొత్తది వేసుకున్నారు. బ్రాహ్మణులు చేసుకోవలసిన పని నేతగాళ్ళు చేస్తున్నారనేది ఫిర్యాదు. సంగతి రాణీ మంగమ్మ దాకా వెళ్ళింది. ఆవిడ శాస్త్రం తెలిసినవాళ్ళని పిలిపించి సభ పెట్టింది. సభ నేతపనివాళ్ళ పక్షాన తేల్చింది. రాణి ఆ తీర్పుని తాటాకు మీద రాయించి వాళ్ళ చేతికిచ్చింది.

ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో వేసిన ఏడు సంపుటాల కులాల పుస్తకంలో ‘పట్నూల్కారన్’ అనే పద్దు కింద ఈ కథ ఉంది. ఆ తాటాకుని మదురైలో ఇంకా భద్రంగా దాచుకున్నారని కూడా రాశాడు. రెండువందల ఏళ్ళు ఒక కులం ఒక తాటాకుని దాచుకుంది! నాకు తీర్పు కంటే ఈ దాచుకోవడమే ఎక్కువ ఆసక్తిగా అనిపించింది. మనం దాచుకునేది ఎప్పుడో ఒకప్పుడు ఎవడో ఒకడు అడుగుతాడన్న భయం ఉన్న కాగితాల్నే కదా.

పట్నూల్కారులంటే పట్టునూలు నేసేవాళ్ళు. ఇప్పుడు వాళ్ళు తమని సౌరాష్ట్రులు అంటారు. ఇంట్లో మాట్లాడేది గుజరాతీ, మరాఠీలకి చుట్టమైన ఒక భాష. అందులో తెలుగు, కన్నడం, తమిళం ధారాళంగా కలిసిపోయాయి. నాతో పనిచేసిన ఒక మదురై మిత్రుడు వాళ్ళమ్మతో ఫోన్లో మాట్లాడుతుంటే సగం మాటలు అర్థమయ్యీ కానట్టుండేవి. తెలుగా అని అడిగితే నవ్వేవాడు. ఆ భాషని ఒకప్పుడు తెలుగు లిపిలో రాసేవారు. ప్రత్యేకమైన లిపి ఉండాలని పట్టుబట్టి టి.ఎం. రామరాయ్ అచ్చు పుస్తకాలు తెచ్చింది పంతొమ్మిదో శతాబ్దం చివర్లో.

వాళ్ళ పెళ్ళిళ్ళలో ఒక పాత ఆచారం ఉండేది. రెండు పక్షాలవాళ్ళు ఎదురెదురుగా నిలబడి ‘మీరెక్కడి నుంచి వచ్చారు’ అన్న ప్రశ్నకి జవాబు చెప్పుకుంటారు. జవాబంతా దారి గురించే. సౌరాష్ట్రం నుంచి దేవగిరి, దేవగిరి నుంచి విజయనగరం, అక్కడి నుంచి మదురై. ప్రతి మజిలీలో ఒక రాజు, ప్రతి రాజుకీ పట్టుబట్ట కావాలి, ఆ రాజ్యం కూలితే మళ్ళీ మూట కట్టాలి. వీళ్ళ చరిత్రని ఇంకా వెనక్కి లాగేవాళ్ళు మందసోర్ శాసనం చూపిస్తారు. లాట దేశం నుంచి దశపురానికి వలస వచ్చిన పట్టునేత శ్రేణి ఒకటి క్రీ.శ. 437 ప్రాంతంలో సూర్యుడికి గుడి కట్టించి, 473లో బాగుచేయించుకున్న సంగతిని వత్సభట్టి అనే కవి చేత రాయించుకుంది. వాళ్ళలో కొందరు విలువిద్య పట్టారట, కొందరు జ్యోతిషం నేర్చారట, కొందరు కథలు చెప్పేవారట. ఆ శ్రేణి, ఈ మదురైవాళ్ళు ఒక్కరే అనడానికి మధ్యలో వెయ్యేళ్ళ ఖాళీ ఉంది, నేనైతే పూడ్చలేను. నేతగాడికి మగ్గం ఒక్కటే బతుకు కాదన్న సంగతి అయిదో శతాబ్దంలోనే రాతికెక్కిందని మాత్రం చెప్పగలను.

ఇక రాణి సంగతి. మంగమ్మ మదురై నాయకరాజు చొక్కనాథుడి భార్య. మనవడు విజయరంగ చొక్కనాథుడు పసివాడు కావడంతో 1689 నుంచి 1706 దాకా అతని పేరిట రాజ్యం చేసింది. తమిళ దేశం నడిబొడ్డున తెలుగు కుటుంబం, తెలుగు కవుల ఆస్థానం. వర్ణాల లెక్కలో ఈ నాయకులు శూద్రులు. వాళ్ళు ఆ మాటని దాచుకోలేదనీ, విష్ణువు పాదంలో పుట్టిన గంగకి తోబుట్టువులమని గొప్పగానే చెప్పుకున్నారనీ వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యం కలిసి రాసిన నాయకుల కాలపు పుస్తకంలో వాదించారు. అంటే ఫలానావాళ్ళు బ్రాహ్మణ కర్మ చేసుకోవచ్చు అని ముద్ర వేసింది ఒక శూద్ర రాణి! మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, ప్రతి సర్టిఫికెట్‌నీ దాని పైనున్నది ధ్రువీకరిస్తుంది, పైకి పోయి పోయి చివర ఉన్న రూట్ సర్టిఫికెట్ తనని తానే ధ్రువీకరించుకుంటుంది. వర్ణవ్యవస్థలో ఆ రూట్ శాస్త్రం అని మనకి చెప్తారు. మదురైలో చూస్తే శాస్త్రం సలహా ఇచ్చింది, సంతకం పెట్టింది సింహాసనం. ఖైదులో ఉన్నవాళ్ళని విడిపించింది కూడా శ్లోకం కాదు, రాణి ఆజ్ఞే.

ఇదంతా నాకెందుకు పట్టింది అంటే, మేం పద్మశాలీలం. మా నాన్న ఏటా శ్రావణ పున్నమికి జంధ్యం మార్చుకుంటాడు. ఊళ్ళో అందరికీ అది రాఖీ పండుగ, మాకు నూలి పున్నమి. మార్కండేయుడి వంశం మాది, ఆయన కొడుకు భావనారుషి దేవతలకి బట్ట నేశాడు అని చిన్నప్పుడు విన్నాను. ఇంజనీరింగ్‌లో చేరినప్పుడు బీసీ-బీ సర్టిఫికెట్ పెట్టాను. హాస్టల్లో ఒకడు నా భుజం మీది పోగు చూసి ‘మీకెందుకురా ఇది?’ అన్నాడు. వాడు మంచివాడే, నిజంగా తెలియకే అడిగాడు. నా దగ్గర తాటాకు లేదు. అసలు ఆ నూలు వడికేదీ నేసేదీ ఎవరురా అని అడగాలనిపించింది గానీ పదిహేడేళ్ళకి అంత సూటిగా మాట రాదు.

ఎం.ఎన్. శ్రీనివాస్ 1952లో కూర్గుల మీద రాసిన పుస్తకం తర్వాత ఇలాంటి వాటన్నిటికీ ‘సంస్కృతీకరణ’ అని ఒక పేరు స్థిరపడింది. కింది కులం పై కులం ఆచారాలు పట్టి, ఒకటి రెండు తరాల్లో మెట్టు ఎక్కడం. పనికొచ్చే మాటే. కానీ ఆ పేరు పెట్టగానే వాదం సగం తేలిపోయినట్టు అయిపోతుంది. ఎక్కేవాడు కిందివాడని ముందే ఒప్పేసుకున్నాం కదా! మదురై నేతపనివాళ్ళు మేం ఎక్కుతున్నాం అనలేదు. మేం ఎప్పుడూ ఇక్కడే ఉన్నాం, మీరు గుర్తించడం లేదు అన్నారు. ఈ రెంటికీ చాలా తేడా ఉంది. వీళ్ళొక్కళ్ళే కూడా కాదు. 1818 నాటి చిత్తూరు జిల్లా అదాలతు తీర్పుని విశ్వబ్రాహ్మణులు ఇప్పటికీ తలుచుకుంటారు. తమ పెళ్ళిళ్ళు తమ పురోహితులే వేదమంత్రాలతో చేయించుకునే హక్కు కోసం నడిచిన దావా అది, గెలిచారు కూడా. అప్పటికి సింహాసనం పోయి కంపెనీ కోర్టు వచ్చింది. మంగమ్మ స్థానంలో జడ్జి కూర్చున్నాడు, అంతే తేడా.

తర్వాత జనాభా లెక్కలు వచ్చాయి. 1901 లెక్కల్లో రిస్లీ కులాలని సామాజిక గౌరవం వరసలో పేర్చాలనుకోవడంతో దేశమంతా అర్జీలు మొదలయ్యాయి. తాటాకు ఉన్నవాళ్ళు తాటాకు, లేనివాళ్ళు పురాణం పట్టుకెళ్ళారు. అప్పటికే సౌరాష్ట్రులు మదురైలో సభ పెట్టుకున్నారు, బడి నడుపుతున్నారు, పేర్ల చివర అయ్యర్, రావు, భాగవతార్ అని రాసుకుంటున్నారు. థర్‌స్టన్ ఇదంతా రాస్తాడు, కాస్త ఎగతాళి గొంతుతోనే. చుట్టూ ఉన్న తమిళ బ్రాహ్మణులు మాత్రం పంక్తిలో చోటివ్వలేదు. రాణి ఆజ్ఞ జైలు తలుపు తెరవగలిగింది గానీ భోజనాల దగ్గర విస్తరి వేయించలేకపోయింది.

పంక్తిలో దొరకని చోటు సంగీతంలో దొరికింది. త్యాగరాజు ముఖ్య శిష్యుల్లో ఒకడు వాలాజాపేట వేంకటరమణ భాగవతార్, 1781లో పుట్టిన సౌరాష్ట్రుడు. తిరువయ్యారులోని తెలుగు బ్రాహ్మణుడి దగ్గర చదువుకుని, తను కూడా తెలుగులో, సంస్కృతంలో, సొంత భాషలో కృతులు కట్టాడు. త్యాగరాజు గురించి మనకి తెలిసినదాంట్లో పెద్ద భాగం ఈ తండ్రీ కొడుకుల రాతప్రతుల నుంచి వచ్చిందే. కొడుకు కృష్ణస్వామి భాగవతార్ గురువుగారి జీవితం రాశాడు. ఆ ప్రతులు చేరింది మదురై సౌరాష్ట్ర సభకి. ఇవాళ కచేరీలో ఒక కృతి పాఠం గురించి పేచీ వస్తే విద్వాంసులు వాలాజాపేట ప్రతి ఏమంటోందని చూస్తారు. ఈ ఒక్క విషయంలో ఎవరూ వాళ్ళని సర్టిఫికెట్ అడగరు.

కానీ ఈ కథని గెలుపు కథగా చెప్పడం నాకు ఇష్టం లేదు. మాకూ జంధ్యం ఉంది అనే వాదానికి ఒక ఇబ్బంది ఉంది. అది నిచ్చెనని ప్రశ్నించదు, మా మెట్టు నంబరు తప్పు పడిందంటుంది. కింద నిలబడ్డవాడికి అందులో ఏమీ లేదు. మా వాడకట్టులో కూడా జంధ్యం గురించి గర్వంగా మాట్లాడే పెద్దలే మాల మాదిగల్ని గుమ్మం బయట నిలబెట్టడం నేను చూశాను. అదే మదురైలో 1939 జులై 8న వైద్యనాథయ్యర్ కొందరు దళితుల్ని, ఒక నాడారుని మీనాక్షి గుళ్ళోకి తీసుకెళ్ళినప్పుడు, గుడి పాలన చూస్తున్న ఆర్.ఎస్. నాయుడు సహకరించాడు. ఆ ఉద్యమంలో పనిచేసిన కాంగ్రెస్ నాయకుల్లో ఎన్.ఎం.ఆర్. సుబ్బరామన్ సౌరాష్ట్రుడు. కొందరు అర్చకులు ఆ తర్వాత పూజ చేయం అన్నారు. ఉపాకర్మ హక్కు కోసం ఖైదుకెళ్ళిన కులంలో రెండు శతాబ్దాల తర్వాత పుట్టిన మనిషి, వేరేవాళ్ళ హక్కు కోసం అదే ఊళ్ళో నిలబడ్డాడు. తాటాకు కంటే నాకు ఇదే పెద్దది.

ఇప్పుడు తమిళనాడు వెనుకబడిన తరగతుల జాబితాలో సౌరాష్ట్రుల పేరుంది. మదురై మిత్రుడి ఇంట్లో ఒకే బీరువాలో వాళ్ళ నాన్న ఉపాకర్మ సామాను, పిల్లల బీసీ సర్టిఫికెట్లు ఉంటాయి. అందులో వింతేముంది, మా ఇంట్లోనూ అంతే. జంధ్యం వాళ్ళకి వాళ్ళ ముత్తాత ఇచ్చాడు, సర్టిఫికెట్ తాసీల్దారు ఇచ్చాడు. ‘నువ్వెవరు’ అన్న ప్రశ్నకి రెండూ రెండు జవాబులు. అడిగేవాడు ఎవడో చూసుకుని ఒకటి తీస్తారు. జాబితాలో ఆ పద్దు ఇలా ఉంటుంది: ముందు సౌరాష్ట్ర అని, పక్కన బ్రాకెట్లలో పట్నూల్కారర్ అని.