శత్రువు పడిపోతే సంతోషించవచ్చా?

వీసా ఇప్పిస్తానని నా దగ్గర డబ్బు తిన్న ఏజెంటు అరెస్టయ్యాడని కిందటి నెల గ్రూపులో మెసేజ్ వచ్చింది. అందరితో పాటు నేనూ "దేవుడు చూశాడు" అని పెట్టాను. కడుపు చల్లబడింది. నైట్ డ్యూటీలో కూర్చున్నాక మాత్రం సంఘ చరిత్రలో చదివిన ఒక సంగతి గుర్తొచ్చింది.

క్రీ.శ. 303 ఫిబ్రవరిలో డయొక్లీషియన్ చక్రవర్తి నికొమేదియలో, అంటే ఇప్పటి టర్కీలోని ఇజ్మిత్‌లో, చర్చిని కూలగొట్టించాడు. లేఖనాలు తగలబెట్టమన్నాడు. ఆయన్ని ఎగదోసింది కింది చక్రవర్తి గలేరియస్ అని, అప్పుడు ఆ ఊళ్లోనే ఉన్న లాక్టాన్షియస్ అనే క్రైస్తవ పండితుడు రాశాడు. కొన్నేళ్ల తర్వాత గలేరియస్‌కి ఒళ్లు కుళ్లే జబ్బు వచ్చింది. 311 ఏప్రిల్ 30న నికొమేదియలో ఆయన ఆజ్ఞ ప్రకటించారు. హింస ఆపమన్నాడు, క్రైస్తవులు తన కోసం ప్రార్థన చేయాలన్నాడు. జైళ్లు తెరుచుకున్నాయి. కొద్ది రోజుల్లోనే ఆయన చనిపోయాడు.

హింసించినవాళ్ల చావుల మీద లాక్టాన్షియస్ ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. గలేరియస్ పుండు, పురుగులు, వాసన అన్నీ వర్ణించాడు. రోజూ పుండ్లకు కట్లు కట్టేదాన్ని కదా, చదువుతుంటే అందులో జాలి ఎక్కడుందా అని వెతికాను. కనబడలేదు. 313లో ఇంకో హింసకుడు మాక్సిమిన్ తార్సులో చచ్చాడు. గెలిచిన లిసీనియస్ అతని 8 ఏళ్ల కొడుకునీ, 7 ఏళ్ల కూతుర్నీ చంపించాడు. భార్యని ఒరొంటెస్ నదిలో ముంచేశారు. దాన్నీ దేవుని న్యాయమైన తీర్పు అనే రాశాడు లాక్టాన్షియస్. ఆ పిల్లలు ఏం చేశారమ్మా?

ఆయన్ని తప్పుపట్టడం తేలికే. ఆ హింస చూసినవాడు ఆయన, నేను కాదు. బైబిల్లోనే సామెతలు 11:10లో దుష్టులు నశిస్తే పట్టణం సంబరపడుతుందని ఉంది. అదే సామెతలు 24:17లో శత్రువు పడితే సంతోషించొద్దని ఉంది.

ఆ మాక్సిమిన్ కాలంలోనే తూర్పు పట్టణాల్లో కరువు, తెగులు వచ్చాయి. అంతకుముందు క్రైస్తవుల్ని వెళ్లగొట్టమని అర్జీలు పెట్టిన పట్టణాలున్న ప్రాంతమే అది. అక్కడ రోగులకు సేవచేసి, శవాలను పాతిపెట్టి, ఆకలిగొన్నవాళ్లకు రొట్టెలు పంచింది క్రైస్తవులేనని యూసేబియస్ రాశాడు. ఇంకో వందేళ్లకి, 412 ప్రాంతంలో, ఉత్తర ఆఫ్రికాలో ఒక పాస్టర్ని చంపి, ఇంకొకరి కన్ను పీకినవాళ్లు దొరికారు. వాళ్లకు మరణశిక్ష వద్దు, అవయవాలు తీయించొద్దు, ఇక చెడు చేయకుండా ఆపితే చాలని బిషప్ అగస్టీన్ అధికారి మార్సెల్లీనుకి ఉత్తరం రాశాడు.

నాకు అర్థమైంది ఇదీ. జైళ్లు తెరుచుకున్నందుకు సంతోషించాలి, గలేరియస్ ఒళ్లు కుళ్లినందుకు కాదు. ఏజెంటు మీద కేసు నడవాలి, మన డబ్బు మనకి రావాలి, ఇంకో పిల్ల మోసపోకూడదు. అతనికీ ఇద్దరు పిల్లలున్నారు. ఆ రాత్రి వాళ్ల కోసం ప్రార్థన చేశాను. అతని కోసం చేయడానికి మాత్రం ఇంకో వారం పట్టింది.