కంప్యూటర్‌లో ధ్వని ముద్రణ: గొంతును ఫైలుగా భద్రపరిచే విధానం

ఒకప్పుడు ఒక గొంతును పదిలపరచాలంటే స్టూడియో, టేపు, వాటిని నడిపే సిబ్బంది అవసరమయ్యేవారు. నేడు మైకు, కంప్యూటర్, ఉచితంగా లభించే ఒక సాఫ్ట్‌వేర్ ఉంటే చాలు. అయితే ముద్రణ వేళ తీసుకునే రెండు మూడు నిర్ణయాలపైనే ఆ గొంతు రేపటి తరానికి ఎంత స్పష్టంగా చేరుతుందన్నది ఆధారపడి ఉంటుంది.

మైకు గాలిలోని కంపనాలను విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. కంప్యూటర్‌లోని సౌండ్ కార్డు ఆ సంకేతాన్ని సెకనుకు వేల సార్లు కొలిచి, అంకెల రూపంలో నమోదు చేస్తుంది. ఈ కొలతల సంఖ్యనే శాంప్లింగ్ రేటు అంటారు. మనిషి చెవి సుమారు 20,000 హెర్ట్జ్ వరకు వినగలదు. దానికి రెట్టింపును మించి కొలతలు అవసరం గనుక సీడీలకు 44,100, వీడియోలకు 48,000 చొప్పున నిర్ణయించారు. ఫైలును వినిపించేటప్పుడు ఇదే ప్రక్రియ తిరుగుదిశలో సాగుతుంది.

ఈ పనికి విస్తృతంగా వాడుకలో ఉన్న సాఫ్ట్‌వేర్ ఆడాసిటీ. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో డొమినిక్ మజ్జోని, రోజర్ డానెన్‌బర్గ్ 1999లో దీని రూపకల్పన ప్రారంభించగా, 2000 మే నెలలో ఇది అందుబాటులోకి వచ్చింది. ముద్రణకు ముందు మైకును ఎంపిక చేసి, ఫ్యాను ఆపి, కొద్దిసేపు మాట్లాడించి ధ్వని స్థాయిని పరీక్షించాలి. మీటరు సూచిక మైనస్ 12, మైనస్ 6 డెసిబెల్‌ల మధ్య ఉండటం శ్రేయస్కరం. అది సున్నాను తాకితే ధ్వని చీలిపోతుంది. ఆ నష్టాన్ని తర్వాత పూర్తిగా సరిదిద్దడం సాధ్యం కాదు.

ఆడాసిటీలో ‘సేవ్’ చేసిన ప్రాజెక్టు ఫైలు సాధారణ ప్లేయర్లలో వినిపించదు. ‘ఎక్స్‌పోర్ట్’ ద్వారా దానిని ఆడియో ఫైలుగా మార్చాలి. మైక్రోసాఫ్ట్, ఐబీఎం సంస్థలు 1991లో రూపొందించిన వేవ్ ఫైలు ధ్వనిని యథాతథంగా ఉంచుతుంది. సీడీ నాణ్యతతో స్టీరియోలో ఒక్క నిమిషానికి దాదాపు 10 మెగాబైట్లు పడుతుంది. 2001లో వచ్చిన ఫ్లాక్ నాణ్యత తగ్గకుండానే పరిమాణాన్ని కుదిస్తుంది. ఎంపీ3 మాత్రం చెవి అంతగా గుర్తించని అంశాలను తొలగిస్తుంది. 128 కిలోబిట్ల వేగంతో నిమిషానికి ఒక మెగాబైటు సరిపోతుంది గానీ, తొలగిన భాగం మళ్లీ రాదు. అందువల్ల మూలప్రతిని వేవ్ లేదా ఫ్లాక్‌లో దాచి, ఇతరులకు పంపేందుకే ఎంపీ3 ప్రతిని వాడాలి. ఈ మూడింటినీ వీఎల్‌సీ వంటి ఉచిత ప్లేయర్లు వినిపిస్తాయి.

ఫిలిప్స్ సంస్థ 1963లో పరిచయం చేసిన క్యాసెట్లు ఇప్పటికీ ఎన్నో ఇళ్లలో ఉన్నాయి. పెద్దల పాటలు, హరికథలు, పెళ్లి సందడి వాటిలోనే మిగిలాయి. కాలక్రమేణా టేపు క్షీణిస్తుంది, దానిని వినిపించే యంత్రాలూ అరుదవుతున్నాయి. టేప్ రికార్డర్ లైన్ అవుట్‌ను కంప్యూటర్ లైన్ ఇన్‌కు గానీ, యూఎస్‌బీ ఆడియో పరికరానికి గానీ కలిపి వాటిని ఫైళ్లుగా మార్చవచ్చు. భద్రపరిచే ప్రతులకు 48,000 శాంప్లింగ్ రేటు, 24 బిట్లు కనీస ప్రమాణమని అంతర్జాతీయ శబ్ద భాండాగారాల సంఘం సూచిస్తోంది. గంట నిడివి గల క్యాసెట్‌కు గంట సమయం పడుతుంది గనుక, అత్యంత విలువైన వాటితోనే పని ఆరంభించడం మంచిది.

ప్రతి ఫైలు పేరులో మాట్లాడినవారి పేరు, ఊరు, తేదీ చేర్చాలి. కొత్తగా ముద్రిస్తున్నప్పుడు వారి అనుమతి తీసుకోవాలి. కనీసం రెండు వేర్వేరు చోట్ల ప్రతులు ఉంచితే, ఒక డిస్కు చెడిపోయినా ఆ గొంతు నిలుస్తుంది.