ఉత్తరమంటే జవాబే

తమిళనాడులోని కంబం లోయలో తెలుగిళ్ళ పిల్లలు ఫోన్లో అవ్వకో మామకో తెలుగు మాటలే రాస్తారు, తమిళ అక్షరాలతో. ఆ లిపిలో క, గ రెండింటికీ అక్షరం ఒకటే. ‘గాలి’ అని రాస్తే ‘కాలి’ అనీ చదవొచ్చు. తెలుగు రానివాళ్ళయితే ‘ఖాళీ’ అనుకుంటారు. ఏదో పోల్చుకునే భారం చదివేవాళ్ళదే.

ఇదీ కమ్యూనికేషనే. ఆ మాటకి తెలుగేమిటంటే మనం తడుముకుంటాం. ‘భావప్రసారం’లో పాఠ్యపుస్తకం వాసన. లాటిన్‌లో ‘కమ్యూనిస్’ అంటే ఉమ్మడిది. ‘కమ్యూనికారే’ అంటే నలుగురితో పంచుకోవడం. 17వ శతాబ్ది చివరికి ఇంగ్లీషులో ‘కమ్యూనికేషన్’ అన్న మాట దారులకూ పాకింది. ఆ అర్థానికి మన ‘రాకపోకలు’ చాలు.

తెలుగువాళ్ళు ఇలా గంపగుత్తగా ఒక మాట పెట్టుకోలేదు. నోటితో పంపేది కబురు. అది అరబ్బీ ‘ఖబర్’. తాటాకు మీద రాసింది కమ్మ. సంస్కృతంలో నడవడి అనే అర్థమున్న ‘సమాచారం’ మన దగ్గర వార్తయింది. నాకు ముచ్చటేసేవి మాత్రం ఉత్తరం, జాబు. ఒకటి సంస్కృతం, ఇంకొకటి అరబ్బీ ‘జవాబ్’. రెండింటికీ అసలు అర్థం బదులు పలకడమే. ఎవరూ అడక్కుండా మొదట రాసినదాన్నీ మనం ‘జవాబు’ అనే అంటున్నామన్నమాట! కంబంలో ఇంకో మెలిక ఉంది. తమిళంలో ‘ఉత్తరవు’ అంటే ఆజ్ఞ, అనుమతి. గుమ్మాల మీద ‘ఉత్తరవు లేనిదే లోపలికి రావద్దు’ అన్న బోర్డు కనిపిస్తుంది. మన ‘ఉత్తరువు’ కూడా దాని తోబుట్టువే.

ఈ పిల్లల తెలుగు వెనక పాత కథ ఉంది. విజయనగరం నుంచి వచ్చిన విశ్వనాథ నాయకుడు 1529లో మదురై పాలన చేపట్టాడు. రాజ్యాన్ని 72 పాళెయాలుగా, అంటే పాలెగాళ్ళ సీమలుగా, పంచారు. 1736లో ఆ వంశపాలన ముగిసేదాకా ఆస్థానంలో తెలుగు వెలిగింది. ఆ తర్వాత కొలువు పోయింది, లేఖకులు పోయారు, నోటిమాట ఇంట్లో మిగిలింది. 2006లో తమిళనాడు ప్రభుత్వం బడుల్లో తమిళాన్ని తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చాక తెలుగు బడికి జాగా ఇంకా ఇరుకైంది. అయినా 2011 జనగణనలో ఆ రాష్ట్రంలో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవాళ్ళు 42 లక్షల పైమాటే. అక్కడి తెలుగువాళ్ళయిన రాజకంబళ నాయకర్లు ఆడే దేవరాట్టం అనే నాట్యానికైతే లిపితో పనే లేదు. దేవదుందుభి అనే వాద్యం దరువు మారితే అడుగు మారుతుంది.

ఈమధ్య కంబం పిల్లల్లో కొందరు గాలో కాలో అన్న తంటా మానేశారు. మైకు బొమ్మ నొక్కి, “అవ్వా, తిన్నావా?” అని గొంతే పంపేస్తున్నారు.