48 గంటలు ఎవరివి?



మా చిట్టమూరులో తాతల కాలం పాలేళ్లకు ఉగాది నుంచి ఉగాదికి లెక్క. గంటల లెక్క లేదు. రాత్రి పడక కూడా ఆసామి పశువుల కొట్టంలోనే. మా తాత ఇంటికొచ్చేది పండక్కో, చావుకో.

ఫ్యాక్టరీ కూలీకి మాత్రం గంటల లెక్క వచ్చింది. వారానికి 54 గంటల పనిని 48కి తగ్గించే బిల్లును 1946లో పెట్టింది, అప్పటి లేబర్ మెంబర్ బాబాసాహెబ్ అంబేద్కర్. ఆ చట్టం మా కొట్టం దాకా రాలేదు.

మొన్న పెద్దక్క కూతురు వచ్చింది. మా ఇంట్లో మొదటి డాక్టరు, పీజీ చేస్తోంది. "36 గంటల డ్యూటీ దిగొచ్చా మామా, లేపొద్దు" అని పడుకుంది. 'రెసిడెంట్' అంటే అక్కడే కాపురముండే మనిషి. 1889లో అమెరికాలో తెరిచిన జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో పాతుకున్న పద్ధతి అది. శిష్యులు ఆసుపత్రిలోనే తిని, అక్కడే పడుకునేవాళ్లు. నాకు తాత కొట్టం గుర్తొచ్చింది.

మన దగ్గర రూలు లేదా? ఉంది. జూనియర్ రెసిడెంట్లకు మామూలుగా వారానికి 48 గంటలు, ఒక దఫా 12 గంటలు మించకూడదని కేంద్ర ఆరోగ్య శాఖ 1992 జూన్ 5న ఆదేశించింది. మళ్లీ అదే 48! 2023 నాటి జాతీయ వైద్య కమిషన్ నిబంధనల్లో మాత్రం 'సమంజసమైన పని గంటలు' అని ఉంది. సమంజసమెంతో తేల్చేది ఎవరు?

"అడగలేకపోయావా అమ్మా?" అన్నాను.

"అడిగితే, కోటా వాళ్లకు ఓపికుండదంటారు మామా."

తాత నోరు అప్పు కట్టేసింది. దీని నోరు ఆ మాట కట్టేసింది. గంటలు అడగడం చేతకానితనం కాదు మిత్రులారా. ఆ లెక్క మనకు నేర్పింది బాబాసాహెబే.